పేపర్లో పడ్డ మా బండి

నాంపల్లిలో మెట్రో దిగి రోడ్డు మీదకు రాగానే ఎక్కడి నుంచో కాగిన నూనె వాసన, అందులో కలిసిన కొబ్బరిపాల తీపి ముక్కుకు తగిలితే, నాకు ఇప్పటికీ కాళ్ళు ఒకచోట నిలవవు; చిరు వ్యాపారుల గురించి వారం వారం పత్రికలో రాసే నేను, ఎవరిని కలవడానికి వచ్చానో మరిచి అబిడ్స్ వైపు గబగబా నడిచిపోతుంటాను.

అక్కడ మా అమ్మ సంతోషమ్మకు తోపుడుబండి ఉండేది. నాన్న పోయాక మెదక్ నుంచి నన్ను చంకనేసుకుని వచ్చి, నాంపల్లి గల్లీలో ఒక గది కిరాయికి తీసుకుంది. వానాకాలం మిరపకాయ బజ్జీలు, ఎండాకాలం ఉడకబెట్టిన పల్లీలు, డిసెంబరు వచ్చిందంటే గులాబీ పువ్వులు. బియ్యప్పిండిలో గుడ్డు, చక్కెర, కొబ్బరిపాలు కలిపి, కాలిన ఇనుప అచ్చును అందులో ముంచి నూనెలో పెట్టి అమ్మ మణికట్టు చిన్నగా విదిలిస్తే, పువ్వు విడివడి తేలేది. చర్చి నుంచి వచ్చే ఆడవాళ్ళూ, ఆఫీసు వదిలిన గుమాస్తాలూ ఆగి కొనుక్కునేవారు. నేను గన్‌ఫౌండ్రీలో బ్యాంకు మెట్ల మీద అష్టాచెమ్మా ఆడి, ఎండాకాలమైతే మొజంజాహీ మార్కెట్ దాకా పోయి, మామిడిపండు ఐస్‌క్రీం డబ్బా మూత తీసినప్పుడల్లా వచ్చే చల్లటి వాసన పీల్చి, తిన్నంత సంబరంగా తిరిగొచ్చేదాన్ని.

నేను నాలుగో తరగతిలో ఉండగా ఒక డిసెంబరు పొద్దున, పక్కనున్న చాయ్ దుకాణమాయన పేపరు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "సంతోషమ్మా, నీ బండి పేపర్ల పడ్డది!"

నిజమే, ఫోటోలో మా బండి, అమ్మ మోచెయ్యి. అమ్మకు చదువు రాదు. నేను చుట్టుపక్కల వాళ్ళందరికీ వినబడేలా గట్టిగా చదివాను, కాలిబాటల మీద ఆక్రమణలు అని.

"ఆక్రమణ అంటే ఏంది బిడ్డా?"

"మంచిదే అయ్యుంటదమ్మా. పెద్దక్షరాలల్ల ఏసిన్రు గద."

మూడో రోజు మున్సిపాలిటీ లారీ వచ్చి ఆ మాటకు అర్థం చెప్పింది. నూనె రోడ్డు మీద పారబోసి, బండిని ఎత్తుకుపోయారు. అమ్మ ఏడవలేదు. "రాసినాయన ఒక్కపాలి వచ్చి, నీ కథేందమ్మా అని అడుగుతే ఏం పోయేది?" అంది. తర్వాత ఒక హోటల్లో గిన్నెలు తోమడానికి కుదిరి, ఆ పనితోనే నన్ను డిగ్రీ దాకా చదివించింది.

ఇంత చూసినదాన్ని, విలేకరినైన మొదటి నెలలోనే నేనూ అదే రాశాను. నాంపల్లి స్టేషన్ ముందు ట్రాఫిక్ గురించి రాయమంటే, గొడుగులు బాగుచేసే ముసలాయన దుకాణం ఫోటో పెట్టి, అదే మాట వాడాను; ఆయనతో మాట్లాడనే లేదు. వారం తిరిగేసరికి ఆ చోటు ఖాళీ. ఇంటికెళ్ళి చెబితే అమ్మ, "అన్నం తర్వాత తిందువుగాని. పోయి ఆయనను ఎతుకు" అంది.

ఎనిమిది రోజులు తిరిగితే చాదర్‌ఘాట్ వంతెన పక్కన దొరికాడు. రాసింది నేనేనని చెప్పాను. ఆయన చేతిలో ఉన్న గొడుగు ఊచ వంచడం ఆపలేదు. "గట్లనా? ఇగ వచ్చినవు గద, జర కూసో" అన్నాడు. సాయంత్రం దాకా కూర్చుని విన్నదంతా రాశాను. చిరు వ్యాపారుల మీద నా శీర్షిక అక్కడే మొదలైంది.

ఇప్పుడు ఆ గొడుగుల ముసలాయన లేడు, బాగుచేయించుకునే గొడుగులూ లేవు. పెన్నులకు పాళీలు మార్చేవాళ్ళు, రేడియోలు విప్పేవాళ్ళు ఒక్కొక్కరే అబిడ్స్ నుంచి మాయమయ్యారు. మొన్న మెట్రో స్తంభం కింద బ్యాగులకు జిప్పులు కుట్టే ఒకామె కనబడితే, పక్కన కూర్చుని, మీ గురించి రాస్తానన్నాను. ఆమె కుట్టుమిషన్ ఆపి రెండు చేతులూ జోడించింది.

"వద్దు మేడం. నీకు పుణ్యముంటది. ఎవ్వరి కండ్ల పడకుంట గిట్లనే బతకనియ్యి."

లేచి వచ్చేశాను. రేపు శీర్షిక పంపాలి. ఇంకా ఒక్క వాక్యమూ రాయలేదు.