నవలలో లేని మాట

నేను నరసరావుపేటలో ఫిజిక్స్ లెక్చరర్ని. శ్మశానాన్ని ఆనుకుని ఉన్న ఇంట్లో ఆరేళ్ళు అద్దెకున్నాను. దయ్యాలంటే నవ్వొచ్చేదే తప్ప భయం ఎప్పుడూ లేదు. ఇది చదివి మీరు నవ్వినా తప్పు పట్టను.

మా ప్రాంతపు రచయిత ఒకాయన రాసిన నవల అంటే నాకు ప్రాణం. అందులో పార్టీ కక్షల్లో ఒకతన్ని పట్టపగలు వీధిలో నరికేస్తారు. ఇల్లిల్లూ తలుపు కొడతాడు. ఒక్కరూ తియ్యరు. నోట మాట లేకుండానే పడిపోతాడు. అది నిజంగా గురజాల దగ్గరి ఒక పల్లెలో జరిగిందేనని తెలిసి, మొన్న మేలో నా స్నేహితుడు రఫీతో బైక్ మీద వెళ్ళాను.

మిట్టమధ్యాహ్నం. సందు నవల్లో రాసినట్టే ఉంది. రెండు వైపులా నాపరాళ్ళ గోడలు, చివర దారి లేదు. రఫీ సందు మొదట్లో ఆగి ఫొటోలు తీస్తున్నాడు. నేను చివరిదాకా నడిచాను.

ముందు గడియలు పడ్డ చప్పుడు. ఒకదాని తర్వాత ఒకటి, నా వైపే వస్తూ. తర్వాత పరుగు. ఎవరో నన్ను భుజంతో తోసుకుని పోయి చివరింటి తలుపు మీద పడ్డారు. మనిషి కనపడలేదు. తలుపు మాత్రం అదిరింది.

"అత్తా, నేను. తలుపు తియ్యి."

వెంటనే గొడ్డలి దెబ్బ. ఎముక విరిగిన చప్పుడు. మళ్ళీ అదే పిలుపు, మళ్ళీ దెబ్బ. నాలుగో పిలుపు గొంతులో నెత్తురు గురగురలాడుతూ వచ్చింది. నా మొహం మీద వేడిగా ఏదో చిమ్మింది. తుడుచుకుంటే చేతికి చెమటే.

రఫీ పరిగెత్తుకొచ్చాడు. నేను గోడకు జారబడటం తప్ప అతనేమీ చూళ్ళేదు, వినలేదు.

ఆ తలుపే తీసుకుని ఒక ముసలామె మంచినీళ్ళు తెచ్చింది. ఏంది నాయనా, వడదెబ్బా అని అడిగింది. నేను ఆలోచించకుండా విన్న మాట చెప్పేశాను. చెంబు ఆమె చేతిలోంచి జారిపోయింది.

చచ్చిపోయినవాడు ఆమె మేనల్లుడట. ఆమె భర్త అవతలి పార్టీ మనిషి. తలుపు తీస్తే నిన్నూ నరుకుతారని ఆమెను పట్టుకుని ఆపాడట. ఆ పిలుపు సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, నవల రాసినాయనకు కూడా. మొదటి పిలుపుకే చెవులు మూసుకుందట.

చెంబు తీసి గడప మీద పెట్టి అడిగింది.

"ఇంకా పిలిచాడా నాయనా? ఎన్నిసార్లు?"

"ఒక్కసారే," అన్నాను.

ఆమె నమ్మిందో లేదో తెలియదు. ఎండకు చెవులు గింగురుమన్నాయంటాడు రఫీ. కావచ్చు. కానీ ఆమె కడుపులోనే దాచుకున్న మాట నా చెవినెట్లా పడిందో ఇవాళ్టికీ చెప్పలేను.