జరగని సభకు రాసి పెట్టిన తీర్మానం

మా మామకు నా మీద కోపం వస్తే మాటలనేవాడు కాదు, మగ్గం ఇంకా గట్టిగా నేసేవాడు. ఆ మూడు రోజులూ మా ఇంటి మగ్గం చప్పుడు హుజూరాబాద్ దాకా వినపడి ఉంటుంది. ఎందుకంటే ఆయన కోడలు, అంటే నేను, రాట్నం చంకన పెట్టుకుని పోయి పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూర్చున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లయిన రోజులు. ఊరి చివర మా నేతవాడకు ఒక ఖాళీ జాగా ఉండేది. పడుగులు, అంటే బట్టకు నిలువు పోగులు, సాగదీసి, గంజి పెట్టి ఆరబెట్టేది అక్కడే. అది లేకపోతే మగ్గం మీదికి ఎక్కించడానికి పడుగే ఉండదు. ఆ జాగాను రైస్‌మిల్లు గోదాముకు ఇస్తున్నారని విని నాకు ఒళ్లు మండిపోయింది. పంచాయతీ వాళ్లే పెట్టించిన రేడియోలో చెవులారా విన్నాను, గ్రామసభకు ఎవరైనా పోవచ్చు, తీర్మానాల పుస్తకం ఎవరైనా అడిగి చూడవచ్చు అని. అడిగితే తప్పేముంది?

"పుస్తకం సర్పంచు ఇంట్ల ఉన్నదమ్మా, రేపు రా," అన్నాడు గుమాస్తా. వచ్చేదాకా ఇక్కడే ఉంటానని అరుగు మీద నూలు కండెలు చుట్టడం మొదలుపెట్టాను. నా రాట్నం నూనె లేక కిర్రు కిర్రుమనేది. నేను కావాలనే నూనె వేయలేదు. మూడో రోజుకు ఆయన చేతులెత్తేశాడు.

"నీకు దండం పెడ్త తల్లీ, చెవులు తూట్లు పడ్తున్నయ్. ఇగో, సూస్కొని పో!"

మగ్గపోళ్ల ఇంటి ఆడదానికి అక్షరాలెక్కడివి అనుకున్నాడు పాపం. నేను సుల్తానాబాద్ బడిలో ఐదు దాకా చదివాను.

చివరి పేజీ తీశాను. 'చాటింపు వేయించి గ్రామసభ జరిపితిమి. జాగా విషయమై ఎవరును అభ్యంతరము చెప్పలేదు.' తేదీ రాయాల్సిన చోట ఖాళీ. సభ ఇంకా జరగనే లేదు! మేము నోరు మెదపలేదని ముందే రాసి పెట్టుకున్నారు. కోపం వచ్చింది, దానితోపాటు పట్టలేని సంతోషమూ వచ్చింది. దొంగ దొరికాడు, ఇంకా టైమూ ఉంది. కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని ఇంటికి పరుగెత్తాను.

అంతా విని మామ మగ్గం గుంటలోంచి పైకి వచ్చాడు.

"చాటింపు ఇనవడితె పోమా మనం? ఎన్నడన్న ఇన్నమా?"

అక్కడే ఉంది కిటుకు. మగ్గాలన్నీ ఆడే మధ్యాహ్నం పూట వాడ మొదట్లో డప్పు మీద నాలుగు దెబ్బలు కొట్టించి పోయేవారు. ఆ చప్పుడులో మాకు ఉరుము కూడా వినపడదు.

ఆ రోజు నుంచి వంతులు వేసుకున్నాం. రోజుకొక ఇంటి మనిషి పని మానుకుని వాడ మొదట్లో చెవి వేసి కూర్చోవాలి. ఇక అందరికీ కబురు ఎట్లా? పనివేళ పక్కింటి మగ్గం ఆగిందంటే, ఎవరికి ఏమైందోనని మేము పరుగెత్తుకుపోతాం. "గదే సాలు. మొదటి మగ్గం ఆపితె అయిపాయె," అన్నాడు మామ.

ఆరో రోజు వంతు నాది. ఎండలో కళ్లు మూతలు పడుతుంటే వినపడింది, డప్పు! చాటింపు వేసే ముసలాయన నన్ను చూసి ఇంకో నాలుగు దెబ్బలు గట్టిగా కొట్టాడు.

"బడికాడ సభ! గిప్పుడే! జల్ది పోండ్రి!"

మొదటి ఇంట్లోకి దూరి ఆపమన్నాను. ఆ మగ్గం ఆగింది. పక్కది ఆగింది. దాని పక్కది. పట్టపగలు మా వాడలో కాకి అరుపు వినడం నాకదే మొదటిసారి. అందరూ చేతిలో అటూ ఇటూ ఆడించే నాడెలు వదిలేసి, ఒంటి మీద నూలు పోగులతోనే బయటికి ఉరికివచ్చారు. నాకు కేకలు పెట్టాలనిపించింది, పెట్టాను కూడా.

బడి దగ్గర సర్పంచు, గుమాస్తా, మరో నలుగురు ఉన్నారు. సర్పంచు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"మగ్గాలన్ని ఆగినయేంది? ఎవలన్న సచ్చిండ్రా?"

"ఎవలు సావలే పటేలా. సభకచ్చినం," అని మామ ముందు వరుసలో కూర్చున్నాడు.

పుస్తకంలో చివరి పేజీ చదవమన్నాను. గుమాస్తా పుస్తకం మూసేశాడు. నేనే తీసుకుని గొంతెత్తి చదివాను. తేదీ దగ్గర ఆగి, "గీడ ఖాళీ ఉన్నది," అని అది కూడా చదివాను. జనం గొల్లున నవ్వారు. జాగా ఇవ్వడానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమని సర్పంచు అంటే, మిల్లు యజమాని బావమరిది చెయ్యి ఒక్కటే లేచి, అటూ ఇటూ చూసి దిగింది. గుమాస్తా ఆ పేజీ అడ్డంగా కొట్టేసి, జాగా నేతవాడకే ఉండాలని కింద మూడు వాక్యాల్లో రాశాడు.

వచ్చినవాళ్లు సంతకాలు పెట్టాలన్నారు. మామకు వేలిముద్రే. నిజాం కాలంలో ఉర్దూ కాగితాల మీద, తర్వాత తెలుగు కాగితాల మీద, ఎవరు ఎక్కడ చూపిస్తే అక్కడ వేలు అద్దిన మనిషి. గుమాస్తా సిరా పూయబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఆగు సారూ. ఏం రాసినవో మా కోడలు సదవాలె. ఇన్నంకనే ఏలు పెడ్త."

చదివాను. వేలు పెట్టాడు. ఆయన వెనకాల నిలబడ్డాయనా అదే మాటన్నాడు. ఆ వెనకాయనా అంతే. పొద్దు వాలేదాకా ఆ మూడు వాక్యాలే మళ్లీ మళ్లీ చదివాను. గొంతు పోయింది గానీ ఒక్కసారి కూడా విసుగు రాలేదు.