ఎండబెట్టిన వాక్కాయ గింజ

మా పక్కింటి సుబ్బరావమ్మ వదిన దగ్గర విత్తనం కట్టించుకోవడానికి సత్తెనపల్లి చుట్టుపక్కల మిరప రైతులు వరసకట్టేవారు. గింజని ఎండబెట్టి, బూడిద కలిపి డబ్బాలో పోసిందంటే మరుసటేడు ఒక్కటీ పొల్లు పోదు. ఆ మాటంటే చాలు, వదిన ఉబ్బిపోయేది. తప్పేముంది, ఉన్న మాటేగా!

ఒక్కగానొక్క కూతురు హారిక. ఐదో తరగతిలో ఉండగా పండు వాక్కాయలు తిని, గింజలు పెరట్లో గుచ్చింది. మొలిచాయి. ముళ్ళకంపని వాళ్ళ నాన్న పీకబోతే కాళ్ళకి చుట్టుకుని ఏడ్చింది. చెట్టు పూత పట్టకముందే మెదడువాపు జ్వరమొచ్చి పిల్ల పోయింది. దేవుడికి కళ్ళున్నాయంటే నేనొప్పుకోను.

అక్కణ్ణుంచి వదినకి ఆ చెట్టే లోకం. అయితే అద్దె కొంప కదా! రెండువేల నాలుగులో ఇంటివాళ్ళు స్థలాన్ని మిర్చి గోడౌనుకి అమ్మేశారు. అంత పొదని పెళ్ళగిస్తే బతకదన్నారు. వదిన పండిన కాయలన్నీ కోసి, గింజలు తీసి, ఎండబెట్టి బూడిదలో దాచింది. ఆ తర్వాత చెట్టు కొట్టేశారు.

మరుసటేడు తొలకరికి కొత్తింటి పెరట్లో పాతింది. వానలు పడ్డాయి, పక్కనే వేసిన బెండ కాపుకొచ్చింది, ఇవి మాత్రం లేవలేదు. పొద్దున్నే మట్టి గీకి చూసుకునేది పిచ్చిది.

"చచ్చిన పిల్ల చేతి చెట్టు. గొడ్డు గింజలే కాస్తుంది," అంది వాళ్ళత్త. ఆ ముసలిదాని నోట్లో మన్ను పడ!

ఆ మాటతో వదిన అన్నం మానేసింది. నేనే నర్సరీ హయాత్ దగ్గరికి లాక్కెళ్ళాను.

"ఎండబెట్టారా? అయ్యో, వాక్కాయ గింజ ఆరితే చచ్చిపోద్దమ్మా! పండులోంచి తీసింది తీసినట్టే పాతాలి," అన్నాడతను.

"అయితే గింజలో లోపం లేదా హయాత్?" అంది వదిన.

"లేదమ్మా."

వదిన మొహం విప్పారింది. మరుక్షణమే నేలమీద కూలబడింది. నాకు ఏడుపాగలేదు.

ఇంటికి రాగానే తిన్నగా అత్త ముందుకెళ్ళి నిలబడింది. అరుగు మీద విత్తనాల కోసమొచ్చిన రైతులున్నారు. అయినా గొంతు తగ్గించలేదు.

"నా బిడ్డ చెట్టు గింజ మంచిదే అత్తయ్యా. చంపింది నేను."