కుంకుడు రసంలో పతకం

నా చిన్నప్పుడు నాకు ఎవరి మీదా నమ్మకం ఉండేది కాదు. పాలల్లో నీళ్లు కలిపారేమోనని గిన్నెలో వేలు ముంచి చూసేదాన్ని. తమ్ముడికి పెద్ద లడ్డు పెట్టారేమోనని రెండూ పక్కపక్కన పెట్టి కొలిచేదాన్ని. ఈ గుణం నాకు మా పెద్దమ్మ దగ్గర అబ్బింది. గద్వాలలో మాది మగ్గాల ఇల్లు. లోపల నాన్న, పెదనాన్న చీరలు నేస్తుంటే, పెద్దమ్మ వాకిట్లో కూర్చుని వీధిలో పోయేవాళ్లందరి మీదా అనుమానాలు నేసేది.

మా అవ్వకు, అంటే నాన్న తల్లికి, ఎర్రరాళ్ల కమ్మలు, వాటికి జతగా ఒక పతకం ఉండేవి. ఆమె అత్తగారు పెట్టిన పాతకాలపు సొమ్ము. పెట్టె మూత తీయగానే రాళ్లు లోపల నిప్పు రాజేసినట్టు వెలిగేవి. అవి కెంపులని మా ఇంట్లో అందరి నమ్మకం. పెద్దమ్మ ఆ మాట వీధంతా చెప్పుకునేది.

పెళ్లిళ్లకు సొమ్ము ఎరువు ఇచ్చిపుచ్చుకోవడం మా వైపు మామూలే. నూలు కండెలు చుట్టి బతికే పక్కింటివాళ్ల అమ్మాయి పెళ్లికి అవ్వ కమ్మలు ఇచ్చింది. పతకం మాత్రం పెట్టె దాటలేదు. పెళ్లయ్యాక ఆ అక్క కమ్మలను శుభ్రంగా కడిగి, పసుపు గుడ్డలో చుట్టి తెచ్చింది. ఎరువు సొమ్మును కడిగి ఇవ్వడం మర్యాద. పెద్దమ్మ మూట విప్పి చూసింది. రాళ్లు ఎండిన నేరేడు తొక్కల్లాగా నల్లగా ఉన్నాయి.

"ఇవి మనయి గావు. కెంపులు ఊడబీకి గాజుపెంకులు పెట్టించిన్రు" అన్నది పెద్దమ్మ.

"నాకేం తెల్వదు పెద్దమ్మా. ఇచ్చినయి ఇచ్చినట్టే తెచ్చిన" అన్నది అక్క.

నేను వెంటనే పెద్దమ్మ పక్షం చేరిపోయాను. అంతకు ముందురోజే అక్క నగలు చేసే అవుసులాయన ఇంట్లోంచి బయటికి రావడం నేను చూశాను. మెట్టెలు బిగుతైతే వదులు చేయించుకోవడానికి పోయిందట. ఆ మాట నేను నమ్మలేదు. చూసింది చూసినట్టు అందరి ముందూ చెప్పాను. అక్క నా వైపు తిరిగి చూసిన చూపు ఇప్పటికీ నాకు బాధే.

అసలు భయం కమ్మల గురించి కాదు. ఆ వారంలోనే అక్కను కాపురానికి తీసుకుపోవడానికి వనపర్తి నుంచి అత్తగారివాళ్లు వస్తున్నారు. మా పెద్దమ్మ పుట్టిల్లు కూడా వనపర్తిలోనే, వాళ్ల వీధిలోనే. పెద్దమ్మ నోట దొంగ అన్న మాట ఒకసారి బయటపడితే, అక్క కంటే ముందు ఆ మాటే అత్తగారింట్లో కాలు పెడుతుంది.

అవ్వ అంతా విన్నది. ఎట్లా కడిగావని ఒక్కమాట అడిగింది. వేడి కుంకుడు రసంలో పొద్దంతా నానబెట్టి తోమానని అక్క చెప్పింది. అవ్వ లోపలికి పోయి పతకం తెచ్చి పెద్దమ్మ చేతిలో పెట్టింది.

"ఇది ఇల్లు దాటలే. దీని రాళ్లు ఎవరన్న మార్చిన్రా? మంచిగ చూసి చెప్పు."

"లే అత్తమ్మా. ఇవి మనయే."

అక్కతోనే కుంకుడుకాయలు కొట్టించి, అప్పటిలాగే రసం కాగబెట్టించి, అవ్వ పతకాన్ని అందులో జారవిడిచింది. పెద్దమ్మ లబోదిబోమన్నది. అవ్వ నన్ను గిన్నె దగ్గర కావలి పెట్టింది. దప్పికైనా నేను లేవలేదు. అక్క చెయ్యి పెడుతుందేమోనని ఒక కన్ను, ఆ పిల్లంటే ముద్దని అవ్వే ఏదైనా చేస్తుందేమోనని ఇంకో కన్ను.

పొద్దు వాలాక అవ్వ పతకం తీసి కొంగుతో తుడిచింది. అచ్చం కమ్మల లాగే నల్లబడింది. పెద్దమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసింది, గోటితో గీకింది, చివరికి కింద పెట్టేసింది.

అప్పుడు చెప్పింది అవ్వ. ఆ రాయి పుట్టుకతోనే ముదురు రంగుది. పాతకాలం అవుసులవాళ్లు దాని వెనక పల్చటి మెరుపు రేకు పరిచి, బంగారంతో మూసేసేవాళ్లు. లోపలికి పోయిన వెలుతురు ఆ రేకుకు తగిలి తిరిగొస్తేనే రాయి వెలుగుతుంది. సందుల్లోంచి నీళ్లు దిగితే రేకు చచ్చిపోతుంది. అందుకే అవ్వ అత్తగారు వాటికి తడి తగలనిచ్చేది కాదట, పొడిగుడ్డతో తుడవడమే.

"ఆ ముచ్చట చెప్పకుండ ఇచ్చింది నేను. పిల్లనేం అనకున్రి" అన్నది. ఆగి, "ఇవి కెంపులు గూడ గావు. కెంపులు కొనే తాహతు మనకెక్కడిది?" అన్నది.

పెద్దమ్మకు ఈ రెండో మాటే ఎక్కువ తగిలింది. అయినా అవ్వ మాట దాటలేదు. అత్తగారివాళ్లు వచ్చిన రోజు తానే ఎదురుపోయి వాళ్లకు కాళ్లకు నీళ్లిచ్చింది. వాళ్లు తెచ్చిన మిఠాయిని మాత్రం వాసన చూసి గానీ పంచలేదు.

ఆ రాయిని గార్నెట్ అంటారని ఈమధ్య మా మనవరాలు చెప్పింది. ఒకప్పుడు మన ఖమ్మం వైపు గుట్టల్లో ఏరిన రాళ్లు సముద్రాలు దాటి ఎక్కడెక్కడి రాణుల మెడల్లోనో మెరిశాయట. ఎంత నిజమో నాకు తెలియదు. ఇప్పుడు పాత గార్నెట్ నగలంటే పిల్లలు పడి చస్తున్నారు. దుకాణాల్లో కొత్తవాటికి మసి పూసి పాతవని అమ్ముతున్నారని నా అనుమానం. ఆ ముదురెరుపు మాత్రం నాకూ ఇష్టమే. కెంపు కొనలేని ఇళ్లలో ఆడవాళ్ల ముఖాలకు అదే కళ తెచ్చింది.

కొంత పెద్దయ్యాక అవ్వను అడిగాను, పతకం నల్లబడుతుందని నీకు ముందే తెలుసా అని.

"ఏడ తెల్సు బిడ్డా. నాది గూడ అనుమానమే" అన్నది.

నా అనుమానపు బుద్ధి ఈ వయసులోనూ పోలేదు. ఇంట్లో ఏ వస్తువు కనబడకపోయినా ముందు ఎవరో ఒకరి ముఖం కళ్లముందు కదులుతుంది. కానీ నోరు తెరిచే ముందు, ఈ అనుమానం తేల్చుకోవడానికి నా సొమ్ములో ఏది నీళ్లలో వేయగలనో చూసుకుంటాను. చాలాసార్లు ఏదీ వేయబుద్ధి కాదు. నోరు మూసుకుని, ఆ వస్తువును మళ్లీ వెతుక్కుంటాను.