ఏ మందు అని అడగలేదు

మా అత్త హోసూరు దగ్గర అత్తిముగంలో గొర్రెలు మేపేది. ఒకరోజు మంద వెనక నాలుగడుగులు వేసి, పిక్క పట్టుకుని కూలబడింది. "కాలు రాయైపోయిందమ్మా" అంది. వయసు కదా అని నూనె రాశాను. నెల తిరిగేసరికి బొటనవేలు నల్లబడింది.

హోసూరు డాక్టరు రిపోర్టులు చూశాడు. "క్రియాటినిన్ ఎక్కువుంది, కిడ్నీలు వీక్. రక్తనాళాల్లో బ్లాక్ ఉన్నట్టుంది. మందు లేకుండానే ఎంఆర్ఐ తీద్దాం, శుక్రవారం రండి."

నేను కంపెనీలో సూపర్‌వైజర్‌ని, డిగ్రీ చదివాను. ఏ మందు అని మళ్ళీ అడిగితే నామోషీ అనుకున్నాను. ఇంటికొచ్చి అత్త షుగర్‌కు వేసుకునే ఇన్సులిన్, మాత్రలు అన్నీ ఆపేశాను. "చదువుకున్నదానివి, నీకు తెలీదా" అంది ఆమె.

శుక్రవారానికి ఆమె నాలుక పిడచకట్టుకుపోయింది. స్కాన్‌కు ముందు నర్సు వేలు గుచ్చి చూసి అదిరిపడింది. "షుగర్ ఇంతుందే! ఇన్సులిన్ ఎవురు ఆపినారు?"

నర్సు చెబితే అప్పుడు తెలిసింది. కిడ్నీలకు పడదని డాక్టరు వద్దన్నది స్కాన్ కోసం నరంలోకి ఎక్కించే కాంట్రాస్ట్ మందు! "ఆమే మరిచిపోయినట్టుంది" అనేశాను. అత్త నా వైపు చూసింది. "అవునమ్మా, నాకు మరుపు జాస్తి" అంది నర్సుతో. తల కొట్టేసినట్టయింది. నర్సు చీటీలో మరుపు అని రాసుకుని, "ఇంకమీద మందులు నువ్వే ఇయ్యల్లమ్మా" అంది నాతో.

షుగర్ దిగడానికి నాలుగు రోజులు పట్టింది. ఈలోపు నొప్పి పెరిగి, కాలు చాపి పడుకోలేకపోయింది. కాంట్రాస్ట్ లేని స్కాన్‌కేమో చాలాసేపు కదలకూడదు. ఆమె కదిలింది, బొమ్మలు చెదిరిపోయాయి. "ఇంకా ఆలస్యమైతే కాలు దక్కదు" అని డాక్టరు మమ్మల్ని కృష్ణగిరి పంపాడు. అక్కడ కొత్త ఫాస్ట్ స్కాన్ ఉందట.

"మిషను బొమ్మ కొంచెమే తీసుకుంటాది, మిగిలింది కంప్యూటరు కూర్చుకుంటాది. రవ్వంతసేపు ఓర్చుకో అవ్వా" అన్నాడు టెక్నీషియన్. అత్త పళ్ళు బిగబట్టింది. నిజంగానే తొందరగా అయిపోయింది. బ్లాక్ ఎక్కడుందో స్పష్టంగా కనబడింది, నాళాన్ని బెలూన్ పెట్టి తెరిచారు. కాలు దక్కింది, వేలు తీసేశారు. ఆ నాలుగు రోజులు పోకపోతే వేలు కూడా దక్కేదా అని డాక్టరును అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

ఇప్పుడు అత్త ఇంటి దగ్గర రెండు మేకలు చూసుకుంటోంది. మొన్న చెకప్‌లో నర్సు, "మరుపు ఎట్లుంది అవ్వా?" అంది. ఇక నావల్ల కాలేదు. "మరిచింది ఆమె కాదు. ఆపింది నేను" అన్నాను. అత్త నా మోచెయ్యి గిల్లింది. "ఈడ చెప్పల్లనా ఇదంతా?" అంది. నర్సు చీటీలో మరుపు అన్న మాట కొట్టేసింది.

డాక్టరు నోట మందు అన్న మాట వినబడితే, ఏ మందు, రోజూ వేసుకునేవి ఆపాలా వద్దా అని అడిగి చీటీ మీద రాయించుకోండి. అడగడానికి నేను సిగ్గుపడ్డాను. వేలు మా అత్తకు పోయింది.