మూడో పీపాలో ఇప్పపువ్వు

కరోనా తర్వాత రెండో ఏడాది ఫిబ్రవరిలో, ఎనుమాముల యార్డుకు మిర్చి బస్తాలు రావడం మొదలైన వారంలో, వరంగల్ దగ్గరి ఒక మద్యం తయారీ కేంద్రంలో నాకు పోస్టింగ్ వచ్చింది. హోదా జూనియర్ కెమిస్ట్. పని రుచి ప్యానెల్ నడపడం. మూడేళ్ల తర్వాత సైనస్ జబ్బు వల్ల, ప్యానెల్ నడిపేవాళ్లకు కూడా ఏటా పెట్టే వాసన పరీక్షలో వరుసగా రెండుసార్లు తప్పాను. నియమం ప్రకారం తప్పుకున్నాను. ఇప్పుడు నీళ్లు పరీక్షించే లాబ్‌లో పనిచేస్తున్నాను. ముప్పై రెండేళ్లకే రిటైరయ్యానని స్నేహితులు ఎగతాళి చేస్తారు. ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు.

రుచి చూడటమంటే తాగడమని చాలామంది అనుకుంటారు. మా దగ్గర మింగడం నిషేధం. మద్యాన్ని నీళ్లతో పలచన చేసి, ఇరవై శాతం ఆల్కహాలుకు దించి, పైన సన్నబడే గ్లాసుల్లో ముప్పై మిల్లీలీటర్ల చొప్పున పోసి, గాజుమూత పెట్టేవాళ్లం. గ్లాసు మీద పేరు ఉండదు, మూడంకెల కోడ్ మాత్రమే ఉంటుంది. ముందు వాసన చూడాలి, తర్వాత నోట్లో పోసుకుని ఉమ్మేయాలి. యార్డు మిర్చి ఘాటు తగలకూడదని దానికి దూరంగా సుబేదారిలో ఒక ఇంటి మేడ మీది గది అద్దెకు తీసుకుని, పొద్దున పదింటికి కూర్చునేవాళ్లం. కోడ్‌లు వేసినవాడు రుచి చూడకూడదు కనుక నేను కాగితాలు మాత్రమే చూసేవాణ్ని.

ప్యానెల్‌లో ఆరుగురు. ఏ పీపా మద్యం ఎంత కలపాలో తేల్చే చీఫ్ బ్లెండర్ విజయలక్ష్మి మేడం, లాబ్ వాళ్లు నలుగురు, పీపాల షెడ్డు నుంచి సమ్మయ్య. సమ్మయ్యది ఏటూరునాగారం అడవి దగ్గరి ఊరు, వయసు యాభై దాటింది. పన్నెండేళ్లుగా కాంట్రాక్టు మీద పీపాలు దొర్లిస్తున్నాడు. ఒకేలా కనిపించే మూడు గ్లాసుల్లో తేడా ఉన్నదాన్ని పట్టే పరీక్ష పెడితే లాబ్ వాళ్లందరినీ దాటేశాడు. ప్యానెల్‌లో ఆరు నెలలు నిలబడితే ఉద్యోగం పర్మనెంట్ చేస్తామని కంపెనీ అతనికి రాసిచ్చింది. నేను చేరేనాటికి అయిదు నెలలు గడిచాయి.

ఆ నెల మా ముందుకొచ్చింది బర్బన్. ఇది అమెరికా విస్కీ. సగానికి పైగా మక్కజొన్నతో చేసి, లోపల కాల్చిన కొత్త ఓక్ చెక్క పీపాల్లో ఉంచి పక్వానికి తెస్తారు. కంపెనీ దాన్ని టోకున తెప్పించి, అంతకుముందు ఎర్ర వైన్ ఉన్న మూడు పీపాల్లో అయిదు నెలలు ఉంచింది. వైన్ పీపా విస్కీకి రంగూ పండ్ల వాసనా ఇస్తుంది. సరిగ్గా కడగకపోతే గంధకం వాసనో పులుపో కూడా అంటిస్తుంది. ఏ పీపా విడిగా సీసాకెక్కాలో, ఏది మామూలు మిశ్రమంలో కలిసిపోవాలో ప్యానెల్ చెప్పాలి.

మార్కుల కాగితం నేనే తయారుచేశాను. ఒక విదేశీ పట్టిక ముందు పెట్టుకుని రెండు వరుసలు గీశాను. మంచి వాసనల వరుసలో వనిల్లా, కారమెల్, ఓక్, ఎండుద్రాక్ష, అంజీర్, ప్రూన్, బ్లాక్ కరెంట్. తప్పుల వరుసలో గంధకం, వెనిగర్, తడిసిన అట్ట, నాటుసారా.

మొదటి సిట్టింగ్‌లో సమ్మయ్య ఒక గ్లాసు దగ్గర ఏ గడిలోనూ టిక్కు పెట్టలేదు. అంచున 'ఇప్పపువ్వు' అని రాశాడు. లాబ్ అసిస్టెంట్ శ్రీలత తొంగిచూసి నవ్వింది.

"ఏం సమ్మన్నా, అడివిని తెచ్చి గ్లాసుల పోసినవా?"

"నేను తేలే బిడ్డా, పీపాలనే ఉన్నది. నువ్వు ఉరుకులాట బంజేసి జర నిమ్మలంగ పీల్చు, నీకు గూడ వస్తది."

ఇప్ప అనగానే నాకు తోచింది అడవి ఊళ్లలో ఆ పువ్వుతో కాచే సారా. ఆ మాటను నాటుసారా గడిలో నేనే టిక్కుగా ఎక్కించాను. తర్వాతి రెండు సిట్టింగుల్లో కోడ్‌లు మార్చినా అతను అదే మాట రాశాడు, నేనూ అదే గడిలో వేశాను. కోడ్‌లు విప్పి చూస్తే మూడుసార్లూ అది మూడో పీపాయే. మిగతావాళ్లలో ఎవరూ ఆ తప్పు రాయలేదు. మాకొక నియమం ఉండేది: మూడు సిట్టింగుల్లోనూ ఒక్కరికే తప్పు వాసన తగిలితే ఆ ముక్కును నమ్మకూడదు, ఆ మనిషిని తీసేయాలి. మేడం నా నివేదిక చదివి, సమ్మయ్యను తిరిగి షెడ్డుకు పంపమని సంతకం పెట్టారు. ఆ సంగతి చెప్పే పని నాది.

షెడ్డులో చెప్పాను. అతను చేతిలోని సుత్తి కింద పెట్టాడు.

"తీసేస్తే తీసెయ్యున్రి సారు. మీ రూలు మీది. కని తప్పు అని నేను యాడ రాసిన? పువ్వు అని రాసిన. గడిల ఏసింది ఎవలు?"

నేను ఉత్తర్వు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"ఎండిన ఇప్పపువ్వు ఎన్నడన్న వాసన జూసిన్రా?"

లేదన్నాను.

"చూడకుంటనే నా ముక్కు ఖరాబని రాసిన్రు. మంచిగనే ఉన్నది మీ సదువు."

ఆ సాయంత్రం కాగితాలు మూడూ మళ్లీ తీశాను. అతని టిక్కు తప్పుల వరుసలో ఒక్కటీ లేదు. ఉన్న మూడూ నావే. మేడంకు ఫోన్ చేసి ఇంకో పరీక్షకు వారం గడువు అడిగాను. కారణం కాగితం మీద పెట్టమన్నారు. "మార్కు ఎక్కించడంలో నా పొరపాటు" అని రాసి పంపాను.

ఆదివారం సమ్మయ్య ఊరికి వెళ్లి స్టీలు డబ్బాలో ఎండిన పువ్వు తెచ్చాడు. మూత తీస్తే సారా వాసన జాడే లేదు. ఎండుద్రాక్ష, పాత బెల్లం, వాటి వెనక కొంచెం తోలు వాసన. అయిదు ముదురురంగు సీసాల్లో ఎండుద్రాక్ష, అంజీర్, బెల్లం, చింతపండు, ఇప్పపువ్వు వేసి, లోపలిది కనిపించకుండా దూది కప్పి కోడ్‌లు అతికించాను. ప్రూన్, బ్లాక్ కరెంట్ అనే విదేశీ పండ్లు వరంగల్‌లో దొరకలేదు. మూడో పీపా గ్లాసుకు ఏ సీసా దగ్గరగా ఉందో చెప్పమన్నాను. వస్తువు తెచ్చినవాడు కనుక సమ్మయ్యను కూర్చోబెట్టలేదు. అతను మెట్ల మీద కూర్చున్నాడు.

అయిదుగురిలో నలుగురు ఒకే సీసా ఎంచుకున్నారు. మేడం వాళ్లలో ఒకరు. శ్రీలత మాత్రం ఎండుద్రాక్ష అంది. కోడ్ విప్పి పువ్వు బయటపెట్టాను. మేడం ఒక పువ్వు వేళ్ల మధ్య నలిపి చూశారు.

"ఇంత మంచి వాసనను తప్పుల్లో వేశామా?"

"మీరు కాదు మేడం, నేను."

"బ్లాక్ కరెంట్ నువ్వెప్పుడైనా వాసన చూశావా?"

"లేదు మేడం."

"నేను చూశాను, ఒక్కసారి. వీళ్లలో ఇంకెవరూ చూసి ఉండరు. మరి వాళ్ల చేత దానికి మార్కులెలా వేయిస్తున్నావు?"

ఆమె పాత ఉత్తర్వు కొట్టేసి, పక్కన తేదీ వేసి సంతకం చేశారు. మూడో పీపా విడిగా సీసాకెక్కాలని రాశారు. మెట్ల దగ్గరికి వెళ్లి సమ్మయ్యకు చెప్పాను. నన్ను క్షమించమని కూడా అడిగాను.

"అయిపాయె గదా, దానికి ఫికర్ ఎందుకు? ఆ డబ్బ మాత్రం వాపస్ ఇయ్యున్రి సారు. చెప్పకుంట తెచ్చిన, మా ఇంటామె దేవులాడుతాంది."

తర్వాతి నెల అతన్ని పర్మనెంట్ చేశారు. ఉత్తర్వులో హోదా 'ప్యానెల్ సభ్యుడు' అనే ఉంది.

మిగతా రెండు పీపాలకు రాని ఆ వాసన మూడోదానికే ఎందుకు వచ్చిందో చివరిదాకా తేల్చలేకపోయాం. పని పద్ధతి మాత్రం మారింది. ముందు తెల్లకాగితం ఇచ్చి ఎవరి మాట వాళ్లను రాయనిచ్చేవాళ్లం. రాసిన ప్రతి మాటకూ వస్తువు తెచ్చి సీసాలో పెట్టేవాళ్లం. మంచిదా, తప్పా అన్నది అందరూ వాసన చూశాకే తేలేది. సీసాలో పెట్టలేని మాటను పట్టికలో ఉంచకూడదని నేను నేర్చుకున్నాను. ఆ లెక్కన నా మొదటి పట్టికలోంచి వరంగల్‌లో దొరకని ఆ రెండు పండ్ల పేర్లు కొట్టేసి, మంచి వాసనల వరుసలో ఒక పువ్వు పేరు చేర్చాను.