దేవదారు పొట్టు

పందొమ్మిది వందల అరవైల చివరలో కళింగపట్నంలో పడవలు కట్టే వడ్రంగి తాత ఒకాయన ఉండేవాడు. ఏ చెక్క చేతికొచ్చినా కాస్త చిత్రిక పట్టి, ఆ పొట్టు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. ఓడల మీద వచ్చిన పాత పెట్టెల్లోంచి దేవదారు చెక్కను అలాగే ఏరేవాడు.

"వాసన తెలుసు గానీ ఆ సెట్టు నానెప్పుడూ సూళ్లేదు. నువ్వు పుస్తకాల మనిషివి గదా బాబూ, ఈ కళ్లు పూర్తిగా పోకముందే ఒక్కపాలి సూపించు," అన్నాడొకరోజు నాతో.

గ్రంథాలయంలో చదివిన ధీమాతో ఆయన్ని తీరాన ఉన్న సరుగుడు తోటకు తీసుకెళ్లాను.

"సూదుల్లాంటి ఆకులు, ఏడాదంతా పచ్చదనం. ఇది దేవదారుకి చుట్టమే తాతా!"

ఆయన ఒక సూదిని తడిమి లాగాడు. అది కణుపు దగ్గర ఊడింది. మళ్లీ అతికించి నా చేతిలో పెట్టాడు.

"ఎక్కడ తెగిందో సెప్పు సూద్దాం. నీ పుస్తకంలో ఆకులకి కణుపులున్నాయేటి?"

నవ్వుతూనే అని, ఇంటిదారి పట్టాడు.

సాయంత్రం పుస్తకం తిరగేస్తే ఆయన మాటే నిజం. ఆ సూదులు ఆకులే కావు, కణుపులున్న సన్నని రెమ్మలు; సరుగుడు అసలు దేవదారు కుటుంబానిదే కాదు. మర్నాడు పుస్తకంతో వెళ్లి ఒప్పుకున్నాను.

"ఆ చెట్టు మన పక్క లేదు తాతా. మంచుకొండల్లో ఉంటుంది."

"అయితే సదువు."

పొట్టి రెమ్మల మీద కుచ్చులు కుచ్చులుగా సూదులు, కొమ్మల పైన నిటారుగా నిలిచిన కాయలు అని చదువుతున్నాను. ఆయన దేవదారు పొట్టు ముక్కుకి ఆనించి కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడేమోనని ఆగాను.

"ఆపకు బాబూ," అన్నాడు, "సూత్తన్నాను."